అమ్మ పిడికెడు బియ్యం, యెరూషలేము పండుగ బల్ల

మాసూళ్ళు ముగిశాక మా ఊరి చర్చిలో కోత పండుగ జరుగుతుంది. ఆ ఆదివారం ప్రసంగ వేదిక ముందు కాలు పెట్టడానికి చోటుండదు. ధాన్యం బస్తాలు, అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, వరండా స్తంభానికి కట్టిన మేకపోతు. ఆరాధన అయ్యాక వేలంపాట. చిన్నప్పుడు క్రిస్మస్ కంటే కూడా నాకు ఈ పండుగే ఎక్కువ ఇష్టం. ఆ ఒక్కరోజు చర్చిలో మా ఇంటి వాసన వచ్చేది. కొత్త వడ్లు, అరటాకు, గోనెసంచులు.

అమ్మ తీసుకెళ్ళేది మాత్రం ఏటా ఒకటే, పిడికెడు బియ్యం సంచి. ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేస్తుంది. బియ్యం నిండుకున్న రోజుల్లో కూడా వేసేది, పిడికిలి కాస్త చిన్నదయ్యేది అంతే. మా చర్చిలో ఆడవాళ్ళకి ఇది అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటు. పొలం లేని ఇళ్ళకి అదే పంట.

కొన్నేళ్ళ కిందట ఒక పండుగనాడు కానుకల జాబితా మైకులో చదవడం మొదలుపెట్టారు. పెద్ద మొత్తాలు ముందు, చిన్నవి చివర. మా వీధి చివర ఒంటరిగా ఉండే ఒకావిడని నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె పేరు అట్టడుగున వచ్చింది. "పిడికెడు బియ్యం, రెండు కేజీలు" అని చదివారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ చెంగు నెత్తి మీదికి లాక్కుని కింద చాప అంచు చూస్తూ కూర్చుంది. మరుసటేడు రాలేదు. సంచి మాత్రం అమ్మ చేతికిచ్చి, "నీ సంచిలో కలిపెయ్యమ్మా, నా పేరు రాయించకు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ పండుగకి ఆధారం ప్రథమఫలాల పండుగ అని ఏటా ప్రసంగంలో చెప్తారు. మరి అసలు ఆ పండుగలో, ఆ యెరూషలేములో, ఒక పేదరాలు సంచి పట్టుకుని వస్తే ఏం జరిగేది? అది తెలుసుకుందామని లేవీయకాండం, సంఖ్యాకాండం, ద్వితీయోపదేశకాండం మళ్ళీ మొదట్నుంచి చదివాను. యూదు రబ్బీలు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన ధర్మశాస్త్ర నియమాల సంకలనం మిష్నాలో ఆలయం గురించీ పండుగల గురించీ ఉన్న భాగాలు చదివాను. చదివాక ఒక సంగతి గట్టిగా అనిపించింది. మనం ఇశ్రాయేలీయుల పండుగ బలుల్ని రక్తం వైపు నుంచే చూస్తున్నాం, భోజనం వైపు నుంచి చూడ్డం లేదు. అటు నుంచి చూస్తే, ఆ నియమాల్లో చాలావాటి వెనక పేదవాళ్ళ తల వంగకూడదన్న పట్టుదల కనిపిస్తుంది. అదే మన పండుగల్లో పోయింది.

తెలుగులో బలి అంటే మనకి ముందు తల తెగడమే గుర్తొస్తుంది. హెబ్రీలో అర్పణలన్నిటికీ కలిపి వాడే మాట కొర్బాను. మార్కు సువార్తలో యేసు నోట ఆ మాట అలాగే ఉంది, మన తెలుగు బైబిలు కూడా దాన్ని మార్చలేదు. దాని ధాతువుకి దగ్గరవడం అని అర్థం. మిగతా చోట్ల మన అనువాదకులు మనకి తెలిసిన మాటలే ఎంచుకున్నారు. పిండి అర్పణకి నైవేద్యం, కాల్చే అర్పణకి హోమం, మొక్కు తీర్చుకునే అర్పణకి మ్రొక్కుబడి. మొక్కుబడి అంటే ఏమిటో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మేకని కోశాక చుట్టాలకీ పక్కాలకీ కబురు వెళ్తుంది, విస్తళ్ళు పరుస్తారు. లేవీయకాండం ఏడో అధ్యాయంలో మ్రొక్కుబడి దగ్గర జరిగేది కూడా విందే.

అక్కడ దాన్ని సమాధానబలిలో ఒక రకంగా చెప్తారు. పశువు కొవ్వూ మూత్రపిండాలూ బలిపీఠం మీద కాలిపోతాయి. బోర, కుడి జబ్బ యాజకులకి వెళ్తాయి. మిగతా మాంసమంతా తెచ్చినవాళ్ళదే. ఇంటిల్లిపాదీ యెహోవా సన్నిధిలో కూర్చుని తినాలి. అయితే దానికో గడువుంది. మ్రొక్కుబడి గానీ, మనసుపడి తెచ్చిన స్వేచ్ఛార్పణ గానీ అయితే ఆ రోజూ మర్నాడూ తినొచ్చు, మూడో రోజుకి మిగిలితే కాల్చెయ్యాలి. అదే కృతజ్ఞతార్పణ అయితే ఆ రోజే తినెయ్యాలి, తెల్లారేసరికి ఏమీ మిగలకూడదు.

ఈ గడువు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కృతజ్ఞతార్పణతో పాటు రొట్టెలు కూడా తేవాలి. మిష్నా లెక్క ప్రకారం నాలుగు రకాలు, రకానికి పది, మొత్తం 40. రకానికొకటి చొప్పున నాలుగు యాజకుడికి పోతే, ఇంటివాళ్ళకి 36 మిగులుతాయి. ఒక పొట్టేలు మాంసం, 36 రొట్టెలు, ఒక్క పగలు, ఒక్క రాత్రి. ఏ కుటుంబం తినగలదు? ఉప్పు రాసి ఎండబెట్టుకుందామంటే గడువు ఒప్పుకోదు. తమ వాళ్ళే తింటామని తలుపేసుకుంటే తెల్లారి బూడిద చెయ్యాల్సిందే. పక్క గుడారంలో వాళ్ళని పిలవాలి, దారిన పోయేవాళ్ళని పిలవాలి. ప్రాణాపాయం తప్పించుకుని కృతజ్ఞత చెప్పడానికి వచ్చినవాడు తన కథ నలుగురికీ చెప్పుకోవాలంటే, ముందు ఆ నలుగురికీ అన్నం పెట్టాలి. యూదు వ్యాఖ్యాతల్లో కొందరు ఈ గడువుని ఇలాగే అర్థం చేసుకున్నారు. నాకు ఇంతకంటే సబబైన అర్థం కనిపించలేదు.

ఈ విందులో ఎవరుండాలో ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయం వరసగా చెప్తుంది. నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఊళ్ళో ఉన్న లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేనివాడు, విధవరాలు. పండుగ సంతోషం అనే మాట పక్కనే ఈ వరస ఉంది. వట్టి చేతులతో రావద్దని చెప్పిన వెంటనే, ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు తెమ్మని కూడా అక్కడే ఉంది. కానుకల పండుగల్లో మొదటి ముక్క చదివి రెండోదాన్ని గబగబా దాటెయ్యడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. పండుగ బలులన్నీ విందు కాదు. సంఖ్యాకాండం 28, 29 అధ్యాయాలు తెరిస్తే అక్కడున్నవి ఎక్కువగా దహనబలులు, అంటే పూర్తిగా కాలిపోయేవి. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి గొర్రెపిల్లలు. విశ్రాంతి దినాన అదనంగా రెండు. పులియని రొట్టెల పండుగ ఏడు రోజులూ రోజుకి రెండు కోడెలు, ఒక పొట్టేలు, ఏడు గొర్రెపిల్లలు, పాపపరిహారానికి ఒక మేకపోతు. వారముల పండుగకి అంతే. ఏడో నెలలో వచ్చే పర్ణశాలల పండుగకి మాత్రం లెక్క పెరిగిపోతుంది. మొదటి రోజు 13 కోడెలు, రెండో రోజు 12, అలా రోజుకొకటి తగ్గుతూ ఏడో రోజుకి ఏడు. కలిపితే 70 కోడెలు. వాటితో 14 పొట్టేళ్ళు, 98 గొర్రెపిల్లలు, ఏడు మేకపోతులు. కోడె వెంట ఏఫా అనే ధాన్యపు కొలతలో మూడు పదోవంతుల పిండి, పొట్టేలు వెంట రెండు, గొర్రెపిల్ల వెంట ఒకటి, పిండికి నూనె, పానార్పణకి ద్రాక్షారసం. చిన్నప్పుడు మా నాన్న సాయంత్రం కుటుంబ ప్రార్థనలో వరసగా అధ్యాయాలు చదివేవారు. ఈ భాగం వచ్చినప్పుడు నేను నిద్రపోయేదాన్ని. అంతా ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తున్నట్టుండేది.

ఇప్పుడు అందులో నాకు కనిపించేది వేరు. ఆ 70 కోడెల్లో ఒక్కదాని మీద కూడా ఎవరి పేరూ లేదు. రెండో ఆలయ కాలంలో ఈ సామూహిక బలుల ఖర్చంతా ఏటా ప్రతి మగవాడూ కట్టే అరతులం వెండి నుంచి వచ్చేది. దానికి మూలం నిర్గమకాండం 30వ అధ్యాయం. ధనికుడు అరతులం కంటే ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు అని అక్కడ నియమం. ఎక్కువ ఇవ్వకూడదు అన్నమాట చూడండి. ఇవ్వగలిగినవాణ్ణి కూడా ఆపేశారు. రోజూ పొద్దునా సాయంత్రం కాలే గొర్రెపిల్లలో మట్టి పిసికేవాడి వాటా, భూస్వామి వాటా సమానం. రబ్బీలు ఇంకో అడుగు ముందుకేసి ఈ 70 కోడెలు లోకంలోని 70 జాతుల కోసం అన్నారు. అంటే బలి ఇచ్చేవాళ్ళు తమకోసమే కాకుండా, తమని తర్వాత చెరపట్టి చెదరగొట్టిన జాతుల కోసం కూడా కోడెల్ని అర్పించారని వాళ్ళు గుర్తుపెట్టుకున్నారు. ఆలయం కూలిపోయాక చెప్పిన మాట అది. చదివినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది.

ఐగుప్తు నుంచి విడుదలని తల్చుకునే పస్కా పండుగ సంగతికొస్తే, దాన్ని పాపపరిహారార్థబలితో కలిపేసి ప్రసంగించడం మనకి అలవాటైపోయింది. నిర్గమకాండం 12లో పాపక్షమాపణ అన్న మాటే లేదు. అక్కడుంది విడుదల, దానికి ముందు ఒక రాత్రి భోజనం. ఆ భోజనానికి పెట్టిన మొదటి షరతుల్లో ఒకటి, గొర్రెపిల్లని తినడానికి ఇంట్లో మనుషులు చాలకపోతే పొరుగువాడితో కలిసి తినమని. తర్వాతి కాలంలో యెరూషలేములో పస్కా ఎలా జరిగేదో మిష్నా కళ్ళకి కట్టినట్టు చెప్తుంది. జనం మూడు జట్లుగా లోపలికి వచ్చేవాళ్ళు. ఆవరణ నిండగానే తలుపులు మూసేవాళ్ళు. యాజకులు వరసలు కట్టి నిలబడేవాళ్ళు, ఒక వరస చేతుల్లో అన్నీ వెండి గిన్నెలు, ఇంకో వరస చేతుల్లో అన్నీ బంగారు గిన్నెలు. ఆ గిన్నెలకి కింద చదును ఉండదు. కింద పెడితే రక్తం గడ్డకడుతుందని, అసలు కింద పెట్టడానికి వీల్లేకుండా చేశారు. గొర్రెపిల్లని కోసేది తెచ్చిన మామూలు మనిషే. రక్తం పట్టిన గిన్నె చేతి నుంచి చేతికి బలిపీఠం దాకా వెళ్ళేది, ఖాళీ గిన్నె వెనక్కి వచ్చేది. ఈలోపు ఆలయ సేవ చేసే లేవీయులు 113 నుంచి 118 వరకూ ఉన్న కీర్తనలు పాడేవాళ్ళు.

రక్తం లేదని నేను అనడం లేదు. ఆవరణ నిండా ఉంది. కానీ ఆ ఆవరణలో గడిచేది మధ్యాహ్నం. తర్వాత పిల్లని భుజాన వేసుకుని బయటికి వచ్చి, దానిమ్మ కర్రకి గుచ్చి కాల్చి, ఎముక విరగకుండా, ముందే పేర్లు చెప్పుకున్న జట్టుతో రాత్రి కూర్చుని తినేవాళ్ళు. చరిత్రకారుడు జోసీఫస్ ఒక పస్కాకి 2,55,600 పశువులు లెక్కకొచ్చాయని, ఒక్కోదానికి పదిమందికి తక్కువ కాకుండా కూర్చునేవాళ్ళని రాశాడు. ఆ సంఖ్య మరీ పెద్దదని చరిత్ర తెలిసినవాళ్ళు అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా ఎక్కడెక్కడి నుంచో పశువులు వచ్చేవన్నది మాత్రం నిజం. యెరూషలేము పాత చెత్తకుప్పలో దొరికిన ఆనాటి మేకల, గొర్రెల ఎముకల్ని పరీక్షిస్తే, వాటిలో చాలా జీవాలు దూరపు ఎడారి ప్రాంతాల్లో మేసినవని తేలింది. ఈ అధ్యయనం 2013లో వెలువడింది. ఎవరో ఒక కాపరి ఆ ఎండలో రోజుల తరబడి నడిపించుకొచ్చిన మేకపిల్ల ఎముక అది. పండుగనాడు ఎవరో చప్పరించి పారేశారు.

ఆ రాత్రి గురించి మిష్నా చెప్పే ఇంకో నియమం నన్ను కదిలించింది. ఇశ్రాయేలులో అతి బీదవాడు కూడా ఆ రాత్రి దొరల్లాగా ఆనుకుని కూర్చునే తినాలి. అతనికి నాలుగు గిన్నెల ద్రాక్షారసానికి తక్కువ ఇవ్వకూడదు, బిచ్చపు పళ్ళెం నుంచి ఇవ్వాల్సి వచ్చినా సరే. ఇచ్చేవాళ్ళ పేరు ఎక్కడా లేదు. తినేవాడు ఎలా కూర్చోవాలో మాత్రం ఉంది.

ఇక ప్రథమఫలాలు. నా ప్రశ్న మొదలైంది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. మిష్నా చెప్పేది ఇది. రైతు తన తోటలోకి వెళ్తాడు. ఒక అంజూరపు కాయ ముందుగా పండుబారడం కనిపిస్తుంది. దానికి ఒక జమ్ము పోచ చుట్టి ముడివేసి, ఇది ప్రథమఫలం అంటాడు. ద్రాక్షగుత్తికీ దానిమ్మకీ కూడా అంతే. పండు ఇంకా చెట్టుమీదే ఉంది, అప్పుడే అది అతనిది కాదు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఒక ఊరికి చేరి, ఇళ్ళలోకి పోకుండా వీధిలోనే రాత్రి పడుకునేవాళ్ళు. తెల్లవారకముందే పెద్ద ఒకాయన, లేవండి, సీయోనుకి వెళ్దాం అని కేక వేసేవాడు. ముందు ఎద్దు నడిచేది. కొమ్ములకి బంగారు రేకు, తలకి ఒలీవ కొమ్మల కిరీటం. పిల్లనగ్రోవి ఊదుతూ సాగేవాళ్ళు. యెరూషలేము దగ్గరికి రాగానే ఆ ఊళ్ళో పనివాళ్ళు, వడ్రంగులూ కుమ్మరులూ అందరూ పని ఆపి లేచి నిలబడి, ఫలానా ఊరి అన్నదమ్ములారా, క్షేమంగా వచ్చారా అని పలకరించేవాళ్ళు. పండితుడు ఎదురైనా పని ఆపి లేవక్కర్లేనివాళ్ళు, గంపతో వచ్చిన పల్లెటూరి మనిషికి లేచి నిలబడేవాళ్ళు. ఆలయం కొండ దగ్గరికి వచ్చేసరికి అగ్రిప్ప రాజైనా సరే, గంప తన భుజానే ఎత్తుకోవాలి.

లోపల గంప భుజం మీద ఉండగానే ద్వితీయోపదేశకాండం 26లో ఉన్న మాటలు పలకాలి. దిక్కులేక తిరిగిన అరామీయుడు నా తండ్రి అని మొదలవుతాయి అవి. పంట తెచ్చినవాడు తన ఎకరాల సంగతి చెప్పడు, తన పూర్వీకుల బీదతనం చెప్తాడు. అక్కడ ఒక చిక్కొచ్చింది. మొదట్లో ఆ హెబ్రీ మాటలు వచ్చినవాళ్ళు సొంతంగా చదివేవాళ్ళు, రానివాళ్ళకి ఒకరు ముందు పలికితే తర్వాత పలికేవాళ్ళు. దాంతో రానివాళ్ళు సిగ్గుపడి గంపలు తేవడమే మానేశారు. అప్పుడు పెద్దలు ఏం చేశారో తెలుసా? చదువు రానివాళ్ళకి నేర్పిస్తామనలేదు, ధైర్యంగా ఉండమని హితబోధ చెయ్యలేదు. చదువు వచ్చినవాళ్ళకి కూడా ఒకరు పలికించి, వాళ్ళు తిరిగి పలకాలని నియమం పెట్టేశారు. ఇక ఎవరికి వచ్చో ఎవరికి రాదో తెలిసే దారే లేదు.

ఈ చోట పుస్తకం మూసి పక్కన పెట్టాను. మా పెద్దమ్మ చాప అంచు కేసి చూస్తూ కూర్చున్న ఆ పొద్దు గుర్తొచ్చింది. రెండువేల ఏళ్ళ కిందట ఇలాగే కొందరు పండుగకి రావడం మానేశారు. అక్కడ ఎవరో గమనించారు. రాకపోవడానికి కారణం సిగ్గు అని పట్టుకుని, పద్ధతే మార్చారు.

అక్కడంతా సవ్యంగా ఉండేదని మాత్రం అనలేను. మిష్నాలో అదే అధ్యాయంలో ఇంకో వాక్యం ఉంది. ధనికులు ఫలాల్ని వెండి బంగారు తొడుగు గంపల్లో తెచ్చేవాళ్ళు, బీదవాళ్ళు తొక్క ఒలిచిన నీరువంజి పుల్లల బుట్టల్లో తెచ్చేవాళ్ళు. బీదవాళ్ళ బుట్టలు ఫలాలతో పాటు యాజకులకే పోయేవి, ధనికుల గంపలు మాత్రం వాళ్ళకి తిరిగి వచ్చేవని తర్వాతి రబ్బీలు చెప్పారు. తక్కువ పళ్ళని బయట గుమ్మరిస్తే సిగ్గుపడతారని బుట్టతో సహా తీసుకున్నారని కొందరు సర్దిచెప్తారు. నాకది మనసుకి ఎక్కలేదు. బుట్ట అల్లినవాడికి ఆ బుట్ట ఒక పూట కూలి. మంచి నియమాలు రాసుకున్నవాళ్ళు కూడా అన్నిచోట్లా చూసుకోలేకపోయారు.

పిండి దగ్గరికొద్దాం, ఎందుకంటే అమ్మ డబ్బాకి అదే దగ్గర. లేవీయకాండం రెండో అధ్యాయంలో నైవేద్యం తెస్తే యాజకుడు అందులోంచి చేరెడు తీసి బలిపీఠం మీద కాలుస్తాడు. చేరెడు, అంతే. మిగతాది యాజకుల తిండి. అయిదో అధ్యాయంలో ఇంకా స్పష్టంగా ఉంది. తప్పు చేసినవాడు గొర్రెనో మేకనో తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు, లేదా రెండు పావురపు పిల్లలు. అదీ చేతకాకపోతే ఏఫాలో పదోవంతు గోధుమపిండి, నూనె వద్దు, సాంబ్రాణి వద్దు. దానికీ క్షమాపణ కలుగుతుంది. రక్తం చిందకుండా పాపక్షమాపణ కలగదని హెబ్రీ పత్రికలోని మాట ఎత్తి, ధర్మశాస్త్రమంతా ఆ ఒక్కమాటే అన్నట్టు చెప్పేవాళ్ళకి ఈ పిండి సంగతి గుర్తుచెయ్యాలనిపిస్తుంది. అదే పత్రికలో అదే వచనం దాదాపుగా అన్న మాటతో మొదలవుతుంది కూడా. ఆ చిన్న సందులోంచే పేదవాడు లోపలికొచ్చాడు. యేసు పుట్టినప్పుడు మరియమ్మ తెచ్చింది ఆ రెండు గువ్వల అర్పణే అని లూకా రాశాడు. గొర్రెపిల్ల కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు.

ఆ గువ్వల గురించి మిష్నాలో ఒక సంఘటన ఉంది. ఒకసారి యెరూషలేములో గువ్వల జత ధర బంగారు దీనారానికి పెరిగిపోయింది. కాన్పు తర్వాత శుద్ధి కోసం గొర్రెపిల్ల కొనలేని తల్లులు తేవాల్సిన అర్పణ కాబట్టి అమ్మేవాళ్ళు పెంచేశారు. రబ్బాను షిమ్యోను బెన్ గమలీయేలు, ఈ ఆలయం మీద ఒట్టు, ధర వెండి దీనారాలకి దిగేదాకా ఈ రాత్రి పడుకోనన్నాడు. సభకి వెళ్ళి, అయిదు కాన్పులైన స్త్రీ కూడా ఒక్క జత తెస్తే చాలని తీర్పు చెప్పాడు. ఆ రోజే జత ధర వెండి దీనారంలో పావు వంతులకి పడిపోయింది. ధర్మశాస్త్రం తెలిసిన పెద్దమనిషి, బాలింతల కోసం ధర్మశాస్త్రాన్నే కాస్త వంచి బజారు మెడ వంచాడు.

ఇదంతా తెలిశాక ప్రవక్తల కోపం నాకు కొత్తగా అర్థమైంది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో తెకోవ కాపరి ఆమోసు, మేడిపండ్లు ఏరుకునే మనిషి, బేతేలు వెళ్ళి దేవుని మాటగా మీ పండుగలు నాకు అసహ్యం అన్నాడు. దీన్ని చూపించి, దేవుడికి బలులే ఇష్టం లేదు, మనసుంటే చాలు అంటారు చాలామంది. ఆమోసు రెండో అధ్యాయం చదివి ఆ మాట అనగలరా? అక్కడ జనం బలిపీఠాల పక్కన తాకట్టు బట్టల మీద పడుకుంటున్నారు. బీదవాడి పైబట్ట తాకట్టు పెట్టుకుంటే పొద్దుగుంకేలోపు తిరిగి ఇచ్చెయ్యాలని నిర్గమకాండం చెప్తుంది, రాత్రికి అతనికి కప్పుకోడానికి అదొక్కటే ఉంది కాబట్టి. ఆ బట్టే పండుగ విందులో పరుపైంది. జరిమానాగా లాక్కున్న ద్రాక్షారసం పండుగ పానమైంది. ఎనిమిదో అధ్యాయంలో అమావాస్య ఎప్పుడైపోతుందా, ధాన్యం ఎప్పుడమ్ముదామా అని ఎదురుచూసే వర్తకులు కొలిచే ఏఫాని చిన్నది చేస్తున్నారు. ఆలయంలో పిండి కొలిచే ఏఫా, బజార్లో పేదవాడికి ధాన్యం కొలిచే ఏఫా, రెండూ ఒకే కొలత. ఒకచోట నిండుగా కొలిచి ఇంకోచోట తగ్గించారు. ఆమోసు కోపం విందు మీద కాదు. విందుకి రావాల్సినవాళ్ళ బట్టలే విందులో పరిచినందుకు.

యెరూషలేములో ఆలయం కట్టకముందు జనం ఆరాధనకి వెళ్ళిన షిలోహులో, యాజకుడు ఏలీ కొడుకులు చేసింది కూడా ఇలాంటిదే. బలి మాంసం ఉడుకుతుంటే వాళ్ళ పనివాడు మూడు ముళ్ళ కొంకి పట్టుకొచ్చి కుండలో గుచ్చేవాడు, పైకి వచ్చినంతా యాజకుడికే. అంతటితో ఆగక కొవ్వు కాలకముందే పచ్చిమాంసం ఇమ్మనేవాడు. ముందు కొవ్వు కాలనివ్వండి, తర్వాత మీ ఇష్టం అని తెచ్చినవాడు బతిమాలితే, ఇవ్వకపోతే బలవంతంగా తీసుకుంటానన్నాడు. సమూయేలు మొదటి గ్రంథంలో ఈ దృశ్యం చదివితే ఆ మనిషి నిస్సహాయత కుండ పొగతో సహా కనిపిస్తుంది. ఏడాదికి ఒకసారి పిల్లలకి మాంసం పెట్టుకుందామని వచ్చాడతను.

మిష్నా మాటల్ని నమ్మొచ్చా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. ఆలయం క్రీ.శ. 70లో కాలిపోయింది, మిష్నా కూర్చింది ఆ తర్వాత వందేళ్ళు దాటాక. పోయిన ఇంటిని తల్చుకునేవాళ్ళు దాన్ని ఉన్నదానికంటే అందంగా చెప్పుకుంటారు, నిజమే. కొన్ని వివరాలు అలా మెరుగుపెట్టినవే అయ్యుండొచ్చు. కానీ ఇల్లు కాలిపోయినవాళ్ళు ఏం గుర్తుపెట్టుకోవాలనుకున్నారో చూడండి. బంగారు గిన్నెలతో పాటు, ఆలయంలో రహస్యపు గది అని ఒక గది ఉండేదని గుర్తుపెట్టుకున్నారు. పాపభీతి ఉన్నవాళ్ళు ఎవరికీ తెలియకుండా అందులో కానుకలు పెట్టేవాళ్ళు, బతికి చెడ్డ కుటుంబాలవాళ్ళు ఎవరికీ తెలియకుండా అందులోంచి తీసుకునేవాళ్ళు. ఇచ్చేవాళ్ళకి తీసుకునేవాళ్ళెవరో తెలీదు, తీసుకునేవాళ్ళకి ఇచ్చేవాళ్ళెవరో తెలీదు.

తర్వాతి రబ్బీలు చెప్పుకున్న ఒక కథతో ఈ చదువు ఆపాను. ఒక స్త్రీ పిడికెడు పిండి తెచ్చింది. యాజకుడు చూసి, వీళ్ళు తెచ్చేది చూడండి, ఇందులో తినడానికేముంది, అర్పించడానికేముంది అని తీసిపారేశాడు. ఆ రాత్రి అతనికి కలొచ్చింది. ఆమెని తక్కువ చెయ్యకు, ఆమె తన ప్రాణాన్నే అర్పించినట్టు అని కలలో వినిపించింది. లేవీయకాండంలో నైవేద్యం తెచ్చేవాళ్ళని చెప్పేచోట హెబ్రీలో ప్రాణం అనే అర్థం ఉన్న మాట వాడారు, ఆ కథకి ఆధారం అదే.

పోయిన నెల మా సంఘపెద్దలకి ఒక ఉత్తరం రాశాను. ఈసారి కోత పండుగలో పేర్లు, మొత్తాలు మైకులో చదవద్దని, లోపలి గదిలో ఒక పెట్టె పెట్టి అందరూ అందులోనే వెయ్యాలని, బస్తాలు తెచ్చేవాళ్ళు కూడా చీటీ లేకుండానే దించాలని అడిగాను. వేలంపాట తర్వాత వీధి వీధికీ వంట పెట్టి కలిసి తిందామని, అందుకయ్యే ఖర్చులో నా వంతు నేను పెట్టుకుంటానని కూడా రాశాను. ఇంకా జవాబు రాలేదు. నిన్న అమ్మకి ఫోన్ చేస్తే, పెద్దమ్మ సంచి అప్పుడే ఇంటికి వచ్చేసిందని చెప్పింది. ఈసారి మూడు కేజీలుందట.